గ్లార్జిన్ మానేసి డెగ్లుడెక్‌కు మారాక

సాయంత్రం ఆరు దాటితే నా షుగర్ 220, 250 మధ్య ఎక్కడో ఉండేది. పొద్దున 110తో లేచి, మధ్యాహ్నం అన్నానికి తగ్గ ఇన్సులిన్ లెక్కేసుకుని, టీ కూడా చప్పగానే తాగి, దీపాలు పెట్టే వేళకు వేలు గుచ్చి చూసుకుంటే 240. మధ్యలో నోట్లో ఏమీ వేసుకోలేదు. తెల్లవారుజామున మూడింటికి కథ ఉల్టా. బనియన్ తడిసి ముద్దయ్యేది, గుండె దడదడలాడేది, చూస్తే 52. మరి మందు పెంచాలా, తగ్గించాలా? పెంచితే రాత్రి పడిపోతాను. తగ్గిస్తే సాయంత్రం ఇంకా ఎక్కుతుంది. ఏళ్ల తరబడి రోజూ రాత్రి పది గంటలకు ఇన్సులిన్ పెన్ను చేతిలో పట్టుకుని ఈ బేరమే ఆడుకునేవాణ్ని. ఇవాళ ఒకటి తగ్గిద్దామా, రేపు ఆదివారం కదా ఒకటి పెంచుదామా అని.

నాకు టైప్ వన్ వచ్చింది తొమ్మిదో తరగతిలో. ఇప్పుడు ఎనుమాముల మార్కెట్లో ఒక మిర్చి అడ్తి షాపులో లెక్కలు రాస్తాను, ఉండేది హన్మకొండలో. షుగర్ అనగానే మన దగ్గర అందరికీ గుర్తొచ్చేది యాభై దాటినవాళ్లకు వచ్చే టైప్ టూ. మాది వేరు. ఇన్సులిన్ తయారుచేసే కణాలను మన రోగనిరోధక శక్తే నాశనం చేసేస్తుంది, ఇక బయటి నుంచి వేసుకోవడమే. అందులో రెండు రకాలు. తిండికి ముందు వేసుకునేది త్వరగా పనిచేసి త్వరగా పోతుంది. రెండోది బేసల్, రోజంతా మెల్లగా పనిచేసేది. మనం తిన్నా తినకపోయినా కాలేయం రాత్రింబవళ్లు కొంత గ్లూకోజ్‌ను రక్తంలోకి వదులుతూనే ఉంటుంది. దాన్ని అదుపులో పెట్టే పని ఈ బేసల్‌ది. అందుకే ఉపవాసం రోజు కూడా దాన్ని మానకూడదు. మానితే ఒంట్లో కీటోన్లనే ఆమ్లాలు పెరిగి ఆసుపత్రి పాలవుతాం. ఎంత చెప్పినా చుట్టాలకు ఇది ఎక్కదు. శివరాత్రి వచ్చిందంటే ఎవరో ఒకరు "ఏం తినకపాయె, ఇంక సూది ఎందుకు బిడ్డా?" అనాల్సిందే.

నేను మార్చుకున్నది ఈ బేసల్‌నే. లాంటస్, బాసలాగ్ లాంటి పేర్లతో దొరికే గ్లార్జిన్ నుంచి, ట్రెసిబా పేరుతో దొరికే డెగ్లుడెక్‌కు. మార్చుకుందామని ఆలోచిస్తున్నవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను. నా లెక్కలు నావి. మీ డోసు మీ డాక్టర్ చెప్పాలి.

ముందు గ్లార్జిన్ మీద నింద వేయనని చెప్పాలి. అది నన్ను చాలా ఏళ్లు బతికించింది. అంతకుముందు రోజుకు రెండుసార్లు వేసుకున్న 30/70 మిక్స్ ఇన్సులిన్‌తో పోలిస్తే అది వచ్చాక మనిషినయ్యాను. మిక్స్ రోజుల్లో తొమ్మిదింటికి తినాలంటే తొమ్మిదింటికే తినాలి. గ్లార్జిన్ వచ్చాక అన్నం ఎప్పుడైనా తినొచ్చు, అన్నం సూది అన్నంతోపాటే. అది పనిచేసే తీరు కూడా నాకు నచ్చుతుంది. పెన్నులో అది ఆమ్లంగా, పీహెచ్ 4 దగ్గర, నీళ్లలా తేటగా ఉంటుంది. చర్మం కిందికి వెళ్లాక అక్కడ ఆమ్లం లేదు కాబట్టి చిన్న చిన్న రేణువులుగా గడ్డకట్టి, వాటిలోంచి కొంచెం కొంచెంగా కరిగి రక్తంలో కలుస్తుంది. కొందరికి వేసుకున్నప్పుడు చురుక్కుమనేది ఆ ఆమ్లం వల్లే. నాకూ మండేది. అలవాటైపోయి మండుతోందన్న సంగతే మర్చిపోయాను, మందు మారాక గుర్తొచ్చింది.

ఇరవై నాలుగు గంటలు పనిచేస్తుందనే మాట అందరి ఒంట్లో ఒకేలా నిజం కాదు. నా ఒంట్లో ఇరవై గంటలకే చేతులెత్తేసేది. రాత్రి పదింటికి వేసుకుంటే మర్నాడు సాయంత్రం ఆరుకు ఖాళీ. వేసుకున్న నాలుగైదు గంటలకేమో కాస్త జోరు మీద ఉండేది. అందుకే తెల్లవారుజామున ఆ 52.

ఇదంతా ఊహ అనుకునేరు. డాక్టర్ మేడం దీన్ని పరీక్ష పెట్టి తేల్చారు. మొదట పొట్ట, తొడలు నొక్కి చూశారు. ఒకే చోట వేసుకుంటే చర్మం కింద కొవ్వు గట్టిపడి గడ్డలవుతాయి. అక్కడ వేసిన ఇన్సులిన్ ఒకరోజు ఎక్కుతుంది, ఒకరోజు ఎక్కదు. మందు మార్చాలనుకునేవాళ్లలో కొంతమందికి అసలు జబ్బు ఈ గడ్డలేనట. గడ్డ వదిలి మంచి చర్మంలో వేసుకోవడం మొదలుపెడితే పాత డోసే ఎక్కువై షుగర్ పడిపోవచ్చు కాబట్టి అప్పుడు కూడా డోసు తగ్గించుకోవాల్సి వస్తుందని చెప్పారు. నాకు గడ్డలు లేవు. తర్వాత బేసల్ టెస్ట్. ఒక పూట భోజనం మానేసి, అంతకుముందు వేసుకున్న అన్నం సూది ప్రభావం పోయేలా నాలుగు గంటలు ఆగి, అక్కడి నుంచి గంటకో రెండు గంటలకో చూసుకుంటూ పోవాలి. బేసల్ సరిపోతుంటే షుగర్ ఒక 30 అటూ ఇటూగా నిలబడాలి. ఒకరోజు పొద్దున పూట, ఇంకోరోజు రాత్రి పూట ఇలా విడివిడిగా చేస్తాం. సాయంత్రం పూట టెస్ట్‌కు ఖాళీ ఉన్న ఆదివారమే దొరికింది. ఇంట్లో మటన్ కూర ఉడుకుతోంది, నేను వరండాలో కూర్చుని వేళ్లు గుచ్చుకుంటున్నాను. "ఆదివారమే దొరికిందా నీకు?" అని మా ఇంటామె గిన్నెలు కాస్త గట్టిగానే పెట్టింది. నాలుగింటికి 118, ఐదున్నరకు 139, ఏడింటికి 196. ఒక్క మెతుకు తినలేదు.

మేడం వెంటనే మందు మార్చలేదు. గ్లార్జిన్‌నే రెండుగా విడగొట్టి పొద్దున 13, రాత్రి 11 వేసుకోమన్నారు. చాలామందికి దీంతోనే సర్దుకుంటుంది, ఖర్చు కూడా పెరగదు. నాకు సాయంత్రాలు బాగానే దిగాయి. చిక్కు నా ఉద్యోగంతో వచ్చింది.

మిర్చి సీజన్ ఎలా ఉంటుందో చూడనివాళ్లకు చెప్పాలి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో యార్డు ఎర్రగా ఉంటుంది. రాత్రే బండ్లు దిగుతాయి, పొద్దున ధర తేల్చే జెండా పాట, తర్వాత షాపులవారీగా కొనుగోళ్లు, కాంటాలు, తక్‌పట్టీలనే లెక్క చీటీలు రాయడం, రైతులకు లెక్క చెప్పడం. ఒక రైతు తేజ రకం తెస్తాడు, ఇంకొకరు చపాట తెస్తారు. మన వరంగల్ చపాటకు 2025లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది కూడా. టమాటా మిర్చి అంటారు దాన్ని, రంగు ఎక్కువ, కారం తక్కువ. తినేది మధ్యాహ్నం రెండుకో, నాలుగుకో. ఇల్లు చేరేది ఒకరోజు ఎనిమిదికి, ఒకరోజు పదకొండున్నరకు. గాలి నిండా మిర్చి దుమ్ము. అందరూ తుమ్ముతుంటారు, అందరికీ చెమటలే. అందులో నాకు పట్టింది ఎండ చెమటా, షుగర్ పడిపోయిన చెమటా అని పోల్చుకోవడం ఎలా? వేలు గుచ్చుకోవాలి. మిర్చి బస్తాలు తడిమిన వేలిని సూదితో గుచ్చి చూడండి ఒకసారి, కళ్లలో నీళ్లు తిరుగుతాయి. సబ్బుతో ఒకటికి రెండుసార్లు కడిగినా గీతల్లో ఉండిపోతుంది ఆ కారం. నేను బస్తాలు ముట్టుకోవడానికి ఎడమ చెయ్యి వాడను, అది షుగర్ చూసుకోవడానికని ఉంచుకున్నాను. హమాలీ అన్నలు దీని మీద జోకులు వేస్తారు, వేయనీ.

ఇలాంటి చోట పన్నెండు గంటల తేడాతో రెండు సూదులు టైముకు వేసుకోవడం నా వల్ల కాలేదు. రాత్రి సూది తొమ్మిదికి అనుకుంటే పదకొండున్నరయ్యేది. దాంతో పొద్దున లెక్క చెడేది. మా సేటు మంచివాడే, "తమ్మీ, మొఖం గుంజుకపోయింది, జర చూసుకో" అని ఆయనే అనేవాడు. కానీ కాంటా దగ్గర తూకం వేసే దడ్వాయి నిలబడి ఉండగా నేను పెన్ను తీసుకుని లోపలికి పోతే రైతు ఏమనుకుంటాడు? ఏమీ అనుకోడు నిజానికి. నాకే అదోలా ఉండేది.

సీజన్ తగ్గి, మార్కెట్లో కాస్త ఊపిరి పీల్చుకునే రోజులొచ్చాక మేడం డెగ్లుడెక్ రాశారు. అంతకంటే ముందు మూడు రెట్లు గాఢత ఉన్న గ్లార్జిన్ గురించి కూడా మాట్లాడుకున్నాం. అది మామూలు గ్లార్జిన్ కంటే చదునుగా, ఎక్కువసేపు పనిచేస్తుంది, కాకపోతే యూనిట్లు కొంత ఎక్కువ పట్టొచ్చు. నా టైముల గోల విన్నాక ఆమె డెగ్లుడెక్ వైపే మొగ్గారు.

డెగ్లుడెక్ కిటుకు వేరు. పెన్నులోంచి చర్మం కిందికి వెళ్లగానే దాని అణువులు ఒకదానికొకటి అతుక్కుని పొడుగాటి గొలుసులవుతాయి. ఆ గొలుసులను పట్టి ఉంచే జింకు మెల్లగా జారిపోతుంటే చివర్ల నుంచి ఒక్కొక్క అణువు ఊడి రక్తంలోకి పోతుంది. రక్తంలో కూడా ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుని ఉంటుంది. అందుకే దాని ప్రభావం 42 గంటలు దాటి ఉంటుంది. ఇవాళ వేసుకున్నదాంట్లో దాదాపు సగం రేపు ఇదే వేళకు ఇంకా ఒంట్లోనే ఉంటుందన్నమాట. దాని మీద రేపటిది, దాని మీద ఎల్లుండిది. మూడు నాలుగు రోజులకు వచ్చేదీ పోయేదీ సమానమై ఒక మట్టానికి వచ్చి ఆగుతుంది.

మన కాకతీయుల చెరువుల దగ్గర పెరిగినవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. చెరువు నిండాక తూము ఒకే తీరుగా పారుతుంది, ఒకరోజు వాన కురిసినా కురవకపోయినా పొలానికి తేడా తెలియదు. అయితే ఖాళీ చెరువులో మొదటి వాన పడగానే తూము పారదు. నా మొదటి మూడు రోజులు అలా గడిచాయి.

గ్లార్జిన్ మొత్తం 24 యూనిట్లు కదా, టైప్ వన్‌లో మారేటప్పుడు ఐదో వంతు తగ్గించి మొదలుపెట్టడం మంచిదని మేడం 19 రాశారు. పొద్దున ఏడింటికి. పాత గ్లార్జిన్ ఒక రోజులో ఒంట్లోంచి వెళ్లిపోయింది, కొత్తది ఇంకా పేరుకోలేదు. షుగర్ 260, 280, ఒకసారి 310. అన్నం సూదితో దించుకుంటూ, 250 దాటినప్పుడల్లా మూత్రంలో కీటోన్ స్ట్రిప్ ముంచి చూసుకుంటూ గడిపాను. మా అవ్వకు నిద్ర లేదు. "మంచిగున్న మందును ఎందుకు మార్చినవ్‌రా? డాక్టర్లకేం, రాసి ఇస్తరు" అని ఒకటే పోరు. రెండో రోజు రాత్రి నేనూ మేడంకు ఫోన్ చేశాను. "మేడం, రెండు యూనిట్లు పెంచనా?" "వద్దు. ఇంకా మూడు రోజులు డోసు ముట్టుకోకండి. ఇప్పుడు పెంచితే అది వారం చివర్లో పడుతుంది మీ మీద."

ఈ మందులో అసలు పాఠం ఆ ఒక్క మాటలో ఉంది. గ్లార్జిన్‌తో ఇవాళ ఒక యూనిట్ మారిస్తే రేపటికల్లా ఫలితం కనబడేది. అందుకే రోజూ రాత్రి ఆ బేరం. డెగ్లుడెక్‌తో ఇవాళ మార్చింది మూడు నాలుగు రోజులకు గానీ పూర్తిగా తెలియదు. రోజూ మార్చే అలవాటు ఉన్నవాడికి ఇదొక రకం నరకం. ఏ మార్పుకు ఏ ఫలితమో పోల్చుకోలేనంతగా కలగాపులగం అయిపోతుంది. ఇప్పుడు నేను బేసల్ మార్చాలంటే ముందు మూడు పొద్దుల రీడింగులు వరసగా చూస్తాను, ఒక్క రీడింగ్ చూసి ముట్టుకోను. 19 నుంచి 20కి వచ్చి అక్కడే ఆగాను.

మట్టానికి వచ్చాక చూసిన సాయంత్రాలు నాకింకా నమ్మబుద్ధి కావు. దీపాల వేళకు 134. ఇంకోరోజు 121. తెల్లవారుజాము చెమటలు పూర్తిగా పోయాయనను, రాత్రి తిండి సూది ఎక్కువైతే ఇప్పుడూ వస్తాయి. చాలా తగ్గాయి మాత్రం నిజం. ఇది నా ఒక్కడి అనుభవం కాదనడానికి 2017లో జామా అనే వైద్య పత్రికలో వచ్చిన స్విచ్ వన్ ట్రయల్ ఉంది. 501 మంది టైప్ వన్ వాళ్లకు కొంతకాలం ఇది, కొంతకాలం అది ఇచ్చి చూశారు. డోసు కుదురుకున్నాక లెక్కేస్తే, లక్షణాలతో వచ్చే రాత్రి "లో"లు, అంటే షుగర్ పడిపోవడాలు, డెగ్లుడెక్ మీద ఉన్నప్పుడు 36 శాతం తక్కువ. పగలూ రాత్రీ కలిపి మొత్తం "లో"లలో తేడా 11 శాతమే. ఆ ట్రయల్‌కు డబ్బు పెట్టింది డెగ్లుడెక్ తయారుచేసే కంపెనీయే, ఆ ఎరుకతోనే చదవాలి. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీలో మాత్రం పెద్దగా తేడా లేదు. నాది 8.1 నుంచి 7.6కు దిగింది, అందులో ఎంత మందు వల్లో, ఎంత ఆ నెలల్లో ఒళ్లు దగ్గర పెట్టుకుని లెక్క చూసుకోవడం వల్లో విడదీయలేను.

టైము సంగతికొస్తే, రోజూ ఒకే వేళకు వేసుకోవడమే పద్ధతి. ఎప్పుడైనా తప్పితే గుర్తొచ్చినప్పుడు వేసుకోవచ్చు, రెండు సూదుల మధ్య కనీసం ఎనిమిది గంటలు ఉండాలి, అంతే. సికింద్రాబాద్‌లో పెళ్లికి పోయి మర్నాడు ఇంటర్‌సిటీ లేటై కాజీపేటలో దిగేసరికి మధ్యాహ్నం రెండయింది. పెన్ను ఇంట్లో ఉంది. గ్లార్జిన్ రోజుల్లో అయితే ఆ పాటికి 350తో నోరెండిపోయి ఉండేవాణ్ని. ఆ రోజు 160. ఇంటికొచ్చి వేసుకుని అన్నం తిన్నాను.

అయితే ఇందులో పోగొట్టుకున్నది కూడా ఉంది, దాన్ని ఎవరూ ముందుగా చెప్పరు. మేడారం జాతరతో చెప్తాను. 2024 ఫిబ్రవరి జాతరకు నేను గ్లార్జిన్ మీద ఉన్నాను. బండి ఎక్కడో ఆపేస్తారు, అక్కడి నుంచి జంపన్నవాగు, గద్దెలు, జనంలో నడకే నడక. ముందు రాత్రి గ్లార్జిన్ పావు వంతు తగ్గించి పోయాను, రోజంతా షుగర్ పడలేదు. 2026 జనవరిలో డెగ్లుడెక్ మీద ఉన్నాను. ముందు రోజు తగ్గించినా లాభం లేదు, అంతకుముందు వేసుకున్నవి ఒంట్లో పనిచేస్తూనే ఉంటాయి. జాతర అయిపోయి ఇంటికొచ్చాక దాని ఫలితం కనబడుతుంది. మూడు రోజుల ముందే తగ్గిస్తే ఆ మూడు రోజులూ షుగర్ ఎక్కుతుంది. కాబట్టి బేసల్‌ను అలాగే వదిలేసి, నడకకు ముందు తిన్న అన్నానికి సూది సగమే వేసుకుని, గంటకోసారి ఏదో ఒకటి నములుతూ నడిచాను. గద్దెల దగ్గర నిలువెత్తు బంగారం తూచి ఇచ్చే చోట, చుట్టూ బెల్లమే బెల్లం, షుగర్ 66. జేబులో గ్లూకోజ్ పొడి ఉంది, కానీ మా చిన్నమ్మ అప్పటికే ప్రసాదం ముక్క నోట్లో పెట్టేసింది. "తల్లి బంగారం, ఏం గాదు తిను" అంది. ఆ ఒక్కసారి ఆమె మాటా, డాక్టర్ మాటా ఒకటే అయ్యాయి. పదిహేను నిమిషాలాగి మళ్లీ చూస్తే 94. ఇక్కడ ఇంకో సంగతి. బెల్లం అంటిన వేలితో చూస్తే 200 చూపిస్తుంది మిషన్. బాటిల్ నీళ్లతో కడుక్కునే చూశాను.

డెగ్లుడెక్ మీద డోసు ఎక్కువైతే లోలు కూడా ఒక్కరోజుతో పోవు. చెరువు దిగడానికీ టైము పడుతుంది కదా. ఇవాళ తగ్గించినా రేపు, ఎల్లుండి జాగ్రత్తగా ఉండాలి. జబ్బు చేసి తిండి పోకపోయినా ఇంతే. రోజుకో రకంగా పని ఉండేవాళ్లు, ఒకరోజు కూలికి పోయి ఒకరోజు ఇంట్లో ఉండేవాళ్లు, ఆటలాడే పిల్లలు, వీళ్లందరికీ గ్లార్జిన్‌లో ఉన్న ఆ మార్చుకునే వీలు విలువైనదే. పాతది పనికిరానిది, కొత్తది గొప్పది అనే లెక్క నాకు నచ్చదు. నాకు టైముతో ఇబ్బంది, కాబట్టి టైము నుంచి విడిపించే మందు కుదిరింది.

మందుల షాపులో జాగ్రత్త. ఒక షాపులో అబ్బాయి "అన్నా, అది లేదు, ఇది కూడా డెగ్లుడెకే" అని వేరే పెట్టె చేతిలో పెట్టాడు. చదివితే అది డెగ్లుడెక్, ఆస్పార్ట్ కలిపిన మిక్స్. అందులో 30 శాతం అన్నం సూది మందే. బేసల్ అనుకుని అది వేసుకుని తినకుండా పడుకుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పేరు మొత్తం చదవండి, పెట్టె మీద ఉన్న రెండో పేరు కూడా.

ఎండాకాలం గురించి చెప్పకుండా వరంగల్‌లో ఇన్సులిన్ మాట పూర్తి కాదు. గ్లార్జిన్ పెన్ను వాడటం మొదలుపెట్టాక 28 రోజులే, డెగ్లుడెక్ ఎనిమిది వారాలు ఉంటుంది, 30 డిగ్రీలు మించకూడదు. మే నెలలో మా పై అంతస్తు ఇంట్లో 30 డిగ్రీలు ఎక్కడుంటాయి? బయట 43, లోపల స్లాబు కాలి రాత్రి పన్నెండింటికి కూడా గోడలు వెచ్చగా ఉంటాయి. డెగ్లుడెక్ వాడుతున్న పెన్నును కూడా ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు, నేను తలుపు అరలో పెడతాను, పైన ఫ్రీజర్ దగ్గర పెట్టను. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక చూడటానికి మామూలుగానే ఉంటుంది, పనిమాత్రం చేయదు, పారేయాల్సిందే. షాపుకు పోయేటప్పుడు బేసల్ తీసుకెళ్లాల్సిన పని ఇప్పుడు లేదు, అన్నం సూది ఒక్కటే తడి గుడ్డ చుట్టిన డబ్బాలో పెట్టుకుంటాను.

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఫ్రిజ్ లేదు. బాపు, నీళ్ల రంజన్ పక్కన ఒక పెద్ద కుండలో ఇసుక పోసి, దాన్ని రోజూ తడిపి, మధ్యలో చిన్న ముంత దించి, దాంట్లో ఇన్సులిన్ సీసా పెట్టేవాడు. పైన తడి గుడ్డ. మా ఇంట్లోకి వచ్చినవాళ్లంతా అందులో ఏముందోనని గుడ్డ ఎత్తి చూసేవాళ్లు. ఆ సీసాలు 40 యూనిట్లవి, ఎర్ర మూత సిరంజీలతో తీసేది. ఇప్పటి పెన్నుల్లో ఉండేది మిల్లీలీటరుకు 100 యూనిట్లు. పెన్ను పాడైందని అందులోంచి ఆ ఎర్ర మూత సిరంజీతో లాగి, అదే గీత దాకా వేసుకుంటే రెండున్నర రెట్లు ఒంట్లోకి పోతుంది. పక్కింటి పెద్దాయనకు ఎవరో ఈ సలహా ఇస్తుంటే నేను మధ్యలో దూరి ఆపాను. పెన్ను పాడైతే కొత్త పెన్నే.

పెన్ను వాడే తీరులో చిన్న తేడా ఉంది. ముందు రెండు యూనిట్లు గాల్లోకి వదిలి సూది మొన నుంచి చుక్క వచ్చిందని చూడటం రెండింటికీ ఒకటే. కొత్త పెన్నులో బటన్ బయటికి పొడుచుకు రాదు, కాస్త నొక్కితే చాలు. అంకె సున్నాకు వచ్చాక సూది లోపలే ఉంచి మెల్లగా ఆరు దాకా లెక్కపెట్టాలి. పాత దాంట్లో పది దాకా లెక్కపెట్టేవాణ్ని, ఇప్పటికీ నోటికి పదే వస్తుంది. మంట మాత్రం లేదు. నెల ఖర్చు పెరిగింది, దాన్ని దాచను. మా పాపకు ట్యూషన్ ఫీజు కట్టే వారం, పెన్ను కొనే వారం ఒకటే అయితే ఆ నెల లెక్క చూడటానికి మా సేటు దగ్గర రాసే లెక్కే నయం అనిపిస్తుంది.

ఈ మధ్య మా వాట్సాప్‌లో వారానికి ఒక్కసారే వేసుకునే ఇన్సులిన్ వచ్చిందని తెగ తిప్పుతున్నారు. దాని పేరు ఐకోడెక్. టైప్ టూ వాళ్లకు అది మేలే కావచ్చు. టైప్ వన్ వాళ్లతో చేసిన ఆన్‌వర్డ్స్ సిక్స్ ట్రయల్‌లో మాత్రం, రోజువారీ డెగ్లుడెక్‌తో పోల్చినప్పుడు లోలు ఎక్కువొచ్చాయి. నాకు ఆశ్చర్యమేమీ కలగలేదు. మూడు రోజులు మార్చుకోలేకపోవడమే జాతరలో నన్ను అంత నమిలించింది, ఇక ఏడు రోజులంటే? ఫార్వర్డ్ చేసినవాళ్లకు ఇదే రాశాను, ఎవరూ చదివినట్టు లేరు.

ములుగులో ఉండే మా అన్న బిడ్డకు పోయినేడు టైప్ వన్ అని తేలింది. పదకొండేళ్లు. మా అన్న ఫోన్ చేసినప్పుడల్లా "తమ్మీ, నీది మంచిగున్నదంటున్నవ్ గదా, మా పిల్లకు గూడ అదే రాయమని అడుగన్నా డాక్టర్‌ను?" అంటాడు. పిల్లలకూ డెగ్లుడెక్ ఇస్తారు, అందులో తప్పేం లేదు. కానీ ఆ పిల్ల ఒకరోజు బడి నుంచి వచ్చి చీకటి పడేదాకా ఖోఖో ఆడుతుంది, ఒకరోజు ఫోన్ పట్టుకుని మంచం దిగదు. ఆమె గ్లార్జిన్ రాత్రి ఎనిమిదింటికి వేస్తున్నారు, సాయంత్రాలు 150 దాటడం లేదు. ముందు సూది వేసే చోట్లు మారుస్తున్నారా, పొట్ట మీద గడ్డలేమైనా చేతికి తగులుతున్నాయా చూడమన్నాను. ఒక ఆదివారం పొద్దున టిఫిన్ ఆపి బేసల్ టెస్ట్ చేయొచ్చా అని వాళ్ల డాక్టర్‌ను అడగమన్నాను. చేశాక ఆ అంకెలు పట్టుకుని పోయి, మార్చాలా వద్దా అన్నది అప్పుడు మాట్లాడమన్నాను.